పనికి పరీక్ష పెట్టేదెలా?

'సర్టిఫికెట్ ఉందా?' పని అడిగిన చోటల్లా ఎదురయ్యే ప్రశ్న ఇదే. నెల్లూరు జిల్లా సీతారామపురానికి పొరుగునున్న ఉదయగిరిలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా చెక్కతో చెంచాలూ, ఫోర్కులూ చేస్తున్నాయి. ఆ కళకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అయితే అది ఊరి పేరును కాపాడుతుందే తప్ప, ఎవరి చేతికి ఎంత పని వచ్చో చెప్పదు.

ఇలాంటివారి కోసమే 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, శిక్షణ కేంద్రం గడప తొక్కకుండా నేర్చిన పనికీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేశారు. నేర్పినవాళ్లే మార్కులేస్తే నమ్మకం ఉండదు కాబట్టి పరీక్షకు బయటివాళ్లు వస్తారు. చిక్కంతా అక్కడే! కొద్ది గంటలు చూసి వెళ్లేవారికి పనితనం ఎంత తెలుస్తుంది? ప్రశ్నలకు గడగడా జవాబిచ్చిన కుర్రాడికి ఉలి పట్టడం రాకపోవచ్చు. చదువురాని పెద్దాయన ప్రశ్నపత్రం దగ్గరే ఆగిపోవచ్చు.

మరేం చేయాలి? చేతికి చెక్కముక్క ఇచ్చి చెంచా చేయించాలి. వాటం చూసి కోశాడా, అంచు నునుపుగా వచ్చిందా... ఆ పనే చేసే మేస్త్రి దగ్గరుండి చూడాలి. ఏది వచ్చో, ఏది ఇంకా నేర్వాలో కాగితంమీద రాయాలి. అలాంటి సర్టిఫికెట్టే కూలి పెంచుతుంది. లేదంటే అది గోడకు వేలాడే పటమే!