సెట్టు బాగానే ఉంది... తీగే మోసం చేసింది!

నడిసంద్రంలో సెల్‌ఫోన్ మూగబోతుంది. అప్పుడు ఆదుకోవాల్సింది పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియో. అదీ మొరాయిస్తే? కాకినాడ రేవు నుంచి అబిడ్స్ దాకా వైద్యానికి వచ్చిన ఓ సెట్టు చెప్పిన పాఠమిది.

తెల్లారేసరికి గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి స్టేషన్లో ఆగింది. సామర్లకోటలో ఎక్కిన మా మావయ్య దిగాడు. ఓ చేతిలో కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ల బుట్ట, ఇంకో చేతిలో గోనెసంచి. పళ్లు నాకని తెలుసు. సంచిలో ఏముందో తెలియదు.

‘ఏంటి మావయ్యా అది?’

‘రేడియోరా. చెవులు బాగానే పనిచేస్తున్నాయి. మాట పడిపోయింది. మీ ఊళ్లో డాక్టరుకి చూపిద్దామని తెచ్చాను.’

మావయ్యకి కాకినాడలో ఓ మరపడవలో వాటా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, రంగులేయడం, ఇంజిను విప్పి చూసుకోవడం... అన్నీ అప్పుడే. ఈసారి ఆ జాబితాలో రేడియో కూడా చేరింది.

ఎందుకు చేరిందో స్టేషన్ ఎదుట ఇరానీ చాయ్ తాగుతూ చెప్పాడు. మార్చిలో వేటకెళ్లినప్పుడు తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో ఇంజిను ఆగిపోయింది. పడవలో ఆరుగురు. ఫోన్లో సిగ్నల్ లేదు. సరంగు రేడియో మైకు అందుకుని పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. ‘పక్క పడవలోళ్లు రొయ్యల రేటు గురించి మాట్లాడుకోవడం మాకు చక్కగా వినపడతానే ఉందిరా. మేం గొంతు చించుకున్నదే వాళ్లకి వినపళ్లేదు’ అన్నాడు మావయ్య. రాత్రంతా పడవ ఎటు నీరు లాగితే అటు కొట్టుకుపోయింది. తెల్లారాక అటుగా వచ్చిన వేరే పడవవాళ్లు, వీళ్లు ఊపుతున్న దుప్పటి చూసి తాడు కట్టి లాక్కొచ్చారు.

‘ఆ రోజు గాలి లేదు కాబట్టి సరిపోయింది. అదే తుపానైతే?’ అని ఆగిపోయాడు. కాకినాడ తీరంలో ఆ ప్రశ్నకు వివరణ అక్కర్లేదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో, వేటకెళ్లి తిరిగిరాని వాళ్లను ఆ ఊళ్లు ఇంకా తలచుకుంటూనే ఉంటాయి.

రేడియో పుట్టిన వీధిలో...

నాంపల్లి నుంచి అబిడ్స్‌కి నడిచే వెళ్లాం. దారిలో చిరాగ్ అలీ లేన్ చూపించి, ‘హైదరాబాద్‌లో మొదటి రేడియో కేంద్రం ఈ సందులోనే పుట్టింది’ అన్నాను. 1930ల తొలినాళ్లలో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ఇక్కడ మొదలైన కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. మావయ్య తన సంచి తడిమి చూసుకున్నాడు. ‘ఊరంతటికీ రెండొందలు. నా సంచిలోది ఒక్కదానికే పాతిక!’ అని నవ్వాడు. నిజమే. పడవల్లో బిగించే వీహెచ్‌ఎఫ్ సెట్ల శక్తి 25 వాట్లు. దగ్గరి పడవతో మాట్లాడాలంటే 1 వాటుకు తగ్గించుకోవచ్చు.

అబిడ్స్ దాటి కోఠీ వైపు, గుజరాతీ గల్లీ దగ్గర ఓ చిన్న రిపేరు దుకాణం. మెకానిక్ సెట్టుకి కరెంటిచ్చి, వెనక యాంటెన్నా పెట్టే చోట ఓ డబ్బా తగిలించాడు. ‘డమ్మీ లోడ్’ అంటారట. యాంటెన్నాకు బదులు ఆ శక్తిని అదే మింగేస్తుంది. మైకు నొక్కాడు. మీటరు ముల్లు 24 వాట్ల దగ్గర నిలబడింది.

‘సెట్టు మంచిగుంది పెద్దాయనా. దీన్ల ఏం ఖరాబ్ లేదు. వైరు తెచ్చిన్రా?’

తెచ్చాడు. యాంటెన్నా నుంచి సెట్టు దాకా ఉండే తీగనంతా చుట్టచుట్టి సంచి అడుగున పెట్టాడు. మెకానిక్ దాని చివర పైతోలును బ్లేడుతో నిలువుగా కోశాడు. లోపల రాగి జాలీ ధగధగలాడాలి. టీపొడిలా నల్లగా ఉంది! కనెక్టరు సందులోంచి ఉప్పునీరు దూరి, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు తీగ పొడవునా ఎక్కేసింది.

‘ఇంకోటి చెప్పున్రి. మైకు ఒత్తితే సెట్టు లైటు డిమ్ అయితదా?’

‘అవుద్ది! ఆరిపోయినంత పనవుద్ది’ అన్నాడు మావయ్య.

‘గదే మరి. దొంగలు ఇద్దరున్నరు.’

ఆ రెండో దొంగ బ్యాటరీ తీగ. వినడానికి సెట్టుకు ఒక ఆంపియరు కూడా పట్టదు. మాట్లాడాలంటే మాత్రం అయిదారు ఆంపియర్లు కావాలి. బ్యాటరీ ఆరు మీటర్ల దూరంలో ఉండి, తీగ 1 చదరపు మిల్లీమీటరుదైతే, రానూపోనూ 12 మీటర్లలో వోల్టు పైనే దారిలో ఖర్చయిపోతుంది. సెట్టుకు 12కి బదులు 11 కూడా అందదు. అందుకే చెవులు పనిచేశాయి, మాట పడిపోయింది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగైతే నష్టం మూడోవంతు వోల్టే.

బిగించడంలోనే ఉంది

కొత్త తీగ కొనడానికి వెళితే అక్కడా బేరమే. సన్నటి ఆర్‌జీ-58 చవక. లావుపాటి ఆర్‌జీ-213 ఖరీదు. ‘సన్నంది చాల్లే’ అనబోయాడు మావయ్య. మెకానిక్ వేళ్ల మీద లెక్క చెప్పాడు. పదిహేను మీటర్ల సన్న తీగలో దాదాపు సగం శక్తి ఆవిరి. అంటే పాతిక వాట్ల సెట్టు కొని పన్నెండు వాట్లే వాడుకున్నట్టు. లావు తీగలో పోయేది సుమారు పావు వంతు. మావయ్య మారుమాట్లాడకుండా లావుదే కొన్నాడు.

అన్నిటికన్నా ముఖ్యం యాంటెన్నా ఎత్తు. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే వెళతాయి. నీటిమట్టం నుంచి నాలుగేసి మీటర్ల ఎత్తున యాంటెన్నాలున్న రెండు పడవలు మాట్లాడుకోగలిగేది సుమారు 16 కిలోమీటర్లు. వాటినే తొమ్మిదేసి మీటర్లకు పెంచితే 25 కిలోమీటర్లు. వాట్లు పెంచడం కన్నా కొయ్య పెంచడమే లాభమన్నమాట.

దిక్సూచి పక్కన మాత్రం సెట్టు పెట్టకూడదు. స్పీకరులోని అయస్కాంతం దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. బయటి కనెక్టరును సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపుతో కప్పెయ్యాలి. యాంటెన్నా తగిలించకుండా మైకు నొక్కడం... చేయకూడని పనుల్లో మొదటిది. సెట్టు లోపలి ట్రాన్సిస్టరు మాడిపోవచ్చు. ఇంకోమాట, వైర్‌లెస్ సెట్టుకు కేంద్ర టెలికం శాఖ నిబంధనల ప్రకారం అనుమతి ఉండాలి.

పదహారో నంబరు పలుకుతోంది

ఫోను ఒక్కరికే వినిపిస్తుంది. రేడియో ఆ చుట్టుపక్కల ఉన్న అందరికీ వినిపిస్తుంది. ఆపదలో కావాల్సింది అదే. ప్రపంచంలో ఏ సముద్రంలోనైనా పిలుపుకీ, ఆపదకీ చానల్ 16... అంటే 156.8 మెగాహెర్ట్జ్. ముందు దాంట్లో పిలవాలి. అవతలివాళ్లు పలికాక 72 లాంటి మరో చానల్‌కి వెళ్లి మాట్లాడుకోవాలి. రొయ్యల రేట్లు పదహారులో చెప్పుకుంటే, మునిగిపోతున్నవాడి కేక వాటి కింద పడి నలిగిపోతుంది.

ప్రాణాపాయమైతే ‘మేడే’ అని మూడుసార్లు. ఫ్రెంచిలో ‘నాకు సాయం చేయండి’ అనే మాట నుంచి 1920ల్లో లండన్ దగ్గరి క్రాయిడన్ విమానాశ్రయ రేడియో అధికారి దీన్ని తయారుచేశాడు. తర్వాత పడవ పేరు మూడుసార్లు, ఎక్కడున్నారో, ఏమైందో, ఎందరున్నారో చెప్పి ‘ఓవర్’ అని మైకు వదిలేయాలి. నొక్కి ఉంచితే జవాబు వినపడదు. ప్రాణాపాయం లేకుండా ఇంజిను ఆగి సాయం కావాల్సివస్తే ‘పాన్ పాన్’ అనాలి. కొత్త సెట్లలో ఎర్ర మీట ఉంటుంది. మూత తీసి కొన్ని సెకన్లు నొక్కితే చానల్ 70లో పడవ తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్యతో సహా ఆపద సందేశం వెళుతుంది. మన దేశపు పడవల సంఖ్య 419తో మొదలవుతుంది. జీపీఎస్ కలిపి ఉంటేనే ఎక్కడున్నారో కూడా దానంతటదే చెబుతుంది. తీరానికి దగ్గర్లో ఫోను పలికితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

సెట్టు మొరాయిస్తే... ముందు ఇవి చూడండి

• అసలు వెలగకపోతే: ఫ్యూజు, బ్యాటరీ కొసల మీద తుప్పు.
• మైకు నొక్కితే లైటు మసకబారితే: బ్యాటరీ నీరసం, లేదా సన్న తీగ.
• వినపడుతున్నా మాట వెళ్లకపోతే: యాంటెన్నా తీగ, కనెక్టరు. యాంటెన్నా ఊడదీసి, తీగ నడిమి కొసకీ జాలీకీ మధ్య మల్టీమీటరు పెట్టండి. కలిసినట్టు చూపిస్తే తీగ పోయినట్టే.
• ఏమీ వినపడకపోతే: స్క్వెల్చ్ మరీ ఎక్కువ తిప్పారేమో. గరగర వచ్చేదాకా తగ్గించి, గరగర ఆగేచోట ఉంచండి.
• ఎవరూ మాట్లాడలేకపోతే: ఎవరి పడవలోనో మైకు మీట నొక్కుకుపోయి ఉంటుంది. ముందు మీది చూసుకోండి.

ఓవర్!

రిపేరు ఖర్చు? సెట్టుకు మెకానిక్ రూపాయి తీసుకోలేదు. ‘నేను చేసింది ఏముంది?’ అన్నాడు. తీగ, కనెక్టర్లు, టేపు డబ్బులే. మామిడిపళ్ల బుట్ట మాత్రం సగం ఖాళీ అయి మా ఇంటికొచ్చింది. మిగతా సగం ఆ దుకాణం బల్ల మీద ఉండిపోయింది.

వేట మొదలైన రెండో రోజు పొద్దున్నే మావయ్య ఫోను. ఇంకా రేవు దాటలేదట. ‘ఇది విను’ అని ఫోనును రేడియో దగ్గర పెట్టాడు. ఎక్కడో సముద్రం మీది నుంచి ఎవరిదో గొంతు... ‘వినపడతాంది బాబాయ్, బాగా వినపడతాంది. ఓవర్.’

ఇప్పుడు వాళ్ల సరంగుకి కొత్త అలవాటు. ఇంజినులో నూనె చూసుకున్నట్టే, లంగరు ఎత్తేముందు ఓ పడవను పిలిచి ‘వినపడతాందా?’ అని అడుగుతాడు. జవాబొచ్చాకే బయల్దేరతాడు.