ఒకే లీగు - రెండు వాటాలు

కాన్ఫరెన్సు అనగానే మనకు పెద్దల సభ గుర్తుకు వస్తుంది. కాని అమెరికా, కెనడాలలో ఆడే మంచు హాకీలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ దగ్గర దగ్గర ఊళ్ల జట్లను చేర్చి కట్టిన వాటాను కాన్ఫరెన్సు అంటారు. జట్లను ఇలా విడదీయడం ఎందుకు? చిన్న లెక్కతో తెలుసుకుందాం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల - ఈ ఆరు ఊళ్ల బడి జట్లు కబడ్డీ లీగు పెట్టుకున్నాయనుకోండి. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో తన ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడాలి. మొత్తం ఆటలు 6 × 5 = 30.

సూర్యాపేట పిల్లలు కోదాడకు గాని మిర్యాలగూడకు గాని పొద్దున బస్సెక్కితే, ఆట ముగించుకొని రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. ఆదిలాబాదుకో? 400 కిలోమీటర్ల పైమాటే! చదువూ పోతుంది, డబ్బూ పోతుంది, అలసటతో ఆటా చెడుతుంది.

ఇప్పుడు మూడేసి జట్లను రెండు వాటాలు చేద్దాం. ఒక్కో వాటాలో 3 × 2 = 6 ఆటలు. రెండింటిలో 12. రెండు వాటాల విజేతలకు ఒక ఫైనల్. మొత్తం 13 ఆటలే! దూరప్రయాణాల 18 ఆటలు పోయి, ఒక్కటే మిగిలింది.

నేషనల్ హాకీ లీగు చేసేదీ ఇదే. 1974లో అది మొదటిసారి కాన్ఫరెన్సులు ఏర్పరచింది. 1993లో వాటికి తూర్పు, పడమర అని పేర్లు పెట్టింది. 2024-25లో 32 జట్లు, ఒక్కో జట్టుకు 82 ఆటలు. మిగతా 31 జట్లతో రెండేసి ఆటలంటే 62. మిగిలిన 20 ఆటలూ సొంత కాన్ఫరెన్సు జట్లతోనే. చివరకు తూర్పు విజేత, పడమర విజేత స్టాన్లీ కప్పు కోసం తలపడతాయి.

అక్కడ దూరంతోపాటు కాలం చిక్కు కూడా ఉంది. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ గడియారంలో 3 గంటల తేడా. లాస్ ఏంజెలిస్‌లో సాయంత్రం 7కు ఆట మొదలైతే డెట్రాయిట్‌లో రాత్రి 10 అవుతుంది. డెట్రాయిట్ జట్టు చాలాకాలం పడమర వాటాలో ఉండేది. అక్కడి పిల్లలు తమ జట్టు ఆట చూడాలంటే నిద్ర మానుకోవలసిందే! 2013లో ఆ జట్టును తూర్పుకు మార్చారు.

అయితే ఆ మార్పుల తరువాత తూర్పున 16, పడమర 14 జట్లు మిగిలాయి. రెండు వైపులా తరువాతి దశకు వెళ్లేవి 8 జట్లే. తూర్పున సగం జట్లకే చోటు. పడమర నూటికి 57 వంతులు! ఇది న్యాయమేనా? 2017లో లాస్ వేగాస్, 2021లో సియాటిల్ జట్లు పడమర చేరిన తరువాతే లెక్క సరిపోయింది.

మనకూ ఈ పద్ధతి కొత్త కాదు. రంజీ ట్రోఫీలో హైదరాబాదు, ఆంధ్ర జట్లు చాలా ఏళ్లు దక్షిణ మండలంలోనే ఆడాయి. 2017 ప్రో కబడ్డీలో 12 జట్లను రెండు జోన్లు చేస్తే తెలుగు టైటాన్స్ 'బి'లో ఆడింది.

వాటాలు వేస్తే ప్రయాణం తగ్గుతుంది. కాని గట్టి జట్లన్నీ ఒకే వాటాలో పడితే, మంచి జట్టు కూడా ఫైనల్ చేరక ముందే ఇంటిదారి పడుతుంది. దూరం చూడాలా, బలం చూడాలా? పటం, పెన్సిలు తీసుకోండి. మన లీగులో మరో రెండు ఊళ్లు చేర్చి, 8 జట్లకు మీరే వాటాలు వేసి చూడండి.