భాస్వరపు ముద్ర

పామర్రు చుట్టుపట్ల వరి పండించు రైతునకు భాస్వరమన్న డీఏపీ బస్తాయే. దమ్ములో చల్లిన ఆ యెరువు వేరునకు బలమిచ్చునని అతడెరుగును. అదే భాస్వరము ఫాస్ఫేటు రూపమున తన దేహమందలి ప్రతి కణములోను క్షణక్షణము చేతులు మారుచుండుననియు, ఆ మార్పులలో క్రమము తప్పుట రాచపుండు కణముల లక్షణములలో నొకటియనియు చెప్పినచో మాత్రము ఆశ్చర్యపడును. ఈ జ్ఞానమునకు పునాది వేసినవారిలో నొకరు కొల్లేటికావల, భీమవరమున, 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మద్రాసున వైద్యము చదివి, బోస్టను చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కూడి, రక్తమూత్రములందు భాస్వరమెంత యున్నదో తేల్చు పద్ధతి నొకదానిని ఆయన 1925లో ప్రకటించిరి. మాంసకృత్తులను తొలగించి వడగట్టిన ద్రవమునకు ఆమ్లమును, మోలిబ్డేటు లవణమును చేర్చి, పిమ్మట క్షయకరణ కారకమును కలిపినచో నీలివర్ణము పుట్టును; నీలిమ యెంత చిక్కనైన భాస్వరమంత హెచ్చు. ఈ నీలిరంగు సాయముననే వారు 1927లో కండరమందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని గుర్తించిరి. ఏటీపీని అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా కనుగొనెను. సుబ్బారావుగారి పేరెత్తిన అందరును మందుల మాటయే చెప్పుదురు గాని, ఆయన పనులలో ఈ రంగునకే నేను అగ్రస్థానమిత్తును.

ఏటీపీకి మూడు ఫాస్ఫేట్లు. చివరిదానిని ఊడదీసి మాంసకృత్తునకు తగిలించు ఎంజైములు కైనేజులు. తగిలినదానిని తొలగించునవి ఫాస్ఫటేజులు. ఈ రాకపోకల మర్మము విప్పిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక క్రోమాటిన్ సంగతి. ఒక్క మానవకణమందలి డీఎన్ఏను సాగదీసిన సుమారు 2 మీటర్లుండును. అంత పోగు కంటికి కానరాని కేంద్రకములో ఇముడుటకు, హిస్టోనులను మాంసకృత్తుల చుట్టు చుట్టలు చుట్టుకొనవలసియున్నది; ఆ కూర్పే క్రోమాటిన్. డీఎన్ఏకు ఋణావేశము, హిస్టోనులకు ధనావేశము. అందుచే పట్టు గట్టిది. ఋణావేశముగల ఫాస్ఫేటు హిస్టోను తోకపై వాలినచో ఆ పట్టు సడలవలెనని తోచును. పలుచోట్ల సడలును గూడ. అట్లు సడలిన తావున జన్యువులు మేల్కొనును. కాని హెచ్3 హిస్టోనులో పదవ స్థానమందలి సెరీనను ఆమైనో ఆమ్లముపై ఆ ఫాస్ఫేటు ముద్ర విస్తారముగా పడునది, కణవిభజనకై క్రోమాటిన్ మిక్కిలి బిగుసుకొను వేళనే! కావున ఆవేశముల లెక్కయొక్కటే చాలదు. ముద్రను చూచి యే మాంసకృత్తు వచ్చి చేరినది, ఏది వీడిపోయినది యనునదియు చూడవలెను. 1998లో బయటపడిన మరియొక వింత: డీఎన్ఏ రెండుపేటలును తెగినచోట హెచ్2ఏఎక్స్ అను హిస్టోనుపై నిమిషములలో ఫాస్ఫేటు వాలి, మరమ్మతు సరంజామాను అచటికి రప్పించును.

ఆరోగ్యకణమునకును రోగకణమునకును భేదము ఫాస్ఫేటులో లేదు, వంతులో నున్నది. వంతు ప్రకారము లస్కరు తూము తెరచి, వేళకు మూసినంతకాలము కాలువనీరు పైరును పెంచును. మూయువాడు లేనిచో ఆ నీరే చేనును ముంచును. ఆరోగ్యకణములో విభజన ముగియుసరికి హెచ్3పై ముద్ర చెరిగిపోవును. రాస్ అను జన్యువు వికృతమైన ఎలుక కణములలోనన్ననో, హెచ్1, హెచ్3 హిస్టోనులపై ఫాస్ఫేటు హెచ్చుగా నిలిచియుండుటను కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990ల దశకమున చూపిరి. వృద్ధిని ప్రేరేపించు సంకేతము బయట ఆగినను లోపల ఆగదు; కైనేజు వెంట కైనేజు మేల్కొని, ఆ యాజ్ఞ చివరకు క్రోమాటిన్‌ను చేరును.

రోగనిర్ణయశాలలలో నేడు హెచ్3 ముద్రను పట్టు ప్రతిరక్షకముతో కణజాలపు పలుచని పొరకు రంగువేసి, విభజనలోనున్న కణములను సూక్ష్మదర్శినిలో లెక్కింతురు; అవి గోధుమరంగున తేలును, తక్కినవి నీలముగా మిగులును. లెక్క హెచ్చిన కొలది గడ్డ చురుకైనదని వైద్యుడు గ్రహించును. ఆ ముద్ర వేయు అరోరా కైనేజులనే అడ్డగించు మందులను గూడ రోగులపై పరీక్షించిరి. కాని ఎముకమజ్జయందలి ఆరోగ్యకణములును విభజనకు ఆ ఎంజైములనే నమ్ముకొనియుండుటచే తెల్లరక్తకణములు పడిపోయి, మోతాదు పెంచుటకు వీలులేకపోయెను.