పాత ఇంజన్లు మళ్ళీ పట్టాలెక్కిన వైనం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మొదట “విద్య – విలువ” అని రాద్దామనుకున్నాం. అది ప్రతి సంచికలోనూ ఉండనే ఉంటుంది కాబట్టి మానుకున్నాం. ఈసారి రైలు ఇంజన్ల గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది.

2017 మార్చిలో మేము ఇదే హాస్టల్లో పదో తరగతి పరీక్షలు రాస్తున్నాం. సరిగ్గా అదే నెలలో మన మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ దాకా రైలు మొదలైంది. పరీక్షలు అయిపోయిన తర్వాత నలుగురం కలిసి, ఎక్కడానికి కాదు, చూడటానికే మెట్‌పల్లి స్టేషన్‌కు పోయాం. అప్పటికి ఆ లైను మీద కరెంటు తీగ లేదు. డీజిల్ బండే. కదిలేటప్పుడు నల్లటి పొగ ఒక్కసారిగా లేచింది. “పాతది పంపిండ్రు మనకు” అన్నాడు పక్కనున్న పెద్దాయన. ఆ మాట మా మనసులో ఉండిపోయింది. పాతది అయితే ఏమవుతుంది, కొత్తది ఎప్పుడొస్తుంది, పాతవన్నీ ఎక్కడికి పోతాయి అని చాలా రోజులు ఆలోచించాం. పీజీలో చేరిన తర్వాత లైబ్రరీలో చదివిన దాంట్లో కొంత జవాబు దొరికింది. అదీ బ్రిటన్ నుంచి!

బ్రిటన్‌లో 1960 – 1965 మధ్య ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ 309 డీజిల్ ఇంజన్లు తయారుచేసింది. వాటిని తర్వాత క్లాస్ 37 అన్నారు. ఒక్కోటి 1750 హార్స్‌పవర్. వీటిలో ఎక్కువ భాగం తయారైంది వల్కన్ ఫౌండ్రీ అనే కర్మాగారంలో. ఆ పేరు మనకు పరాయిదేమీ కాదు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచిన మన దేశపు మొదటి ప్రయాణికుల రైలును లాగిన సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఆవిరి ఇంజన్లు కూడా అక్కడివే.

క్లాస్ 37లకు వయసు మీద పడింది. చాలావాటిని తుక్కు చేశారు. మిగిలినవి సరుకు రైళ్ళకు, పట్టాల మరమ్మతు పనులకు పోయాయి. చిన్న లైన్లలో ప్రయాణికుల కోసం మన డెమూ లాంటి బండ్లు వచ్చాయి. అంటే ఇంజన్ పెట్టెల కిందే ఉంటుంది, వేరే ఇంజన్ అక్కర్లేదు. ఇక పాతవాటి కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు.

కానీ 2015లో అవి తిరిగి వచ్చాయి. ఇంగ్లాండ్ వాయవ్య మూలన కంబ్రియా సముద్ర తీరం వెంట కార్లైల్ నుంచి బారో దాకా ఒక లైను ఉంది. దారిలో సెల్లాఫీల్డ్ అనే పెద్ద అణు కర్మాగారం ఉంది. వేల మంది పనికి పోయే చోటు. అక్కడి బండ్లు చాలక, యాభై ఏళ్ళ క్లాస్ 37 ఇంజన్లకు పాత పెట్టెలు తగిలించి నడిపారు. ఆ ఇంజన్లను అద్దెకిచ్చిన సంస్థ అసలు పని అణు ఇంధనపు సరుకును మోయడం! అదే ఏడాది తూర్పున నార్విచ్ నుంచి గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ వైపు కూడా ఇలాగే మొదలై 2019 దాకా సాగింది. 2019లో వేల్స్‌లో రిమ్నీ లోయ నుంచి కార్డిఫ్‌కు ఉద్యోగులను తీసుకుపోవడానికీ వీటినే తెచ్చారు.

అంత ధనిక దేశానికి ఈ గతి ఎందుకు పట్టింది? మాకు ఆసక్తి కలిగించింది ఇదే.

మొదటిది, అక్కడ రైల్వేను 1990లలో ప్రైవేటుపరం చేశారు. బండ్లు ఒకరివి, నడిపేవారు వేరొకరు, పట్టాలు ఇంకొకరివి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ప్రయాణికులు రెట్టింపు దాకా పెరిగారు. రెండోది, ఫలానా లైన్లకు కరెంటు వేస్తాం, అప్పుడు అక్కడి డీజిల్ బండ్లు మిగులుతాయి, వాటిని చిన్న లైన్లకు ఇస్తాం అని లెక్క వేసుకున్నారు. ఆ నమ్మకంతో కొత్త డీజిల్ బండ్లు పెద్దగా కొనలేదు. తీరా కరెంటు పనులు ఆలస్యమయ్యాయి. 2015లో కొన్నింటిని ఆపారు, 2017లో మరికొన్నింటిని పూర్తిగా రద్దు చేశారు. పెద్ద లైనుకు తీగ రాలేదు, కాబట్టి చిన్న లైనుకు బండి రాలేదు. అక్కడ పని ఆగితే ఇక్కడ ప్లాట్‌ఫారం మీద మనిషి నిలబడిపోతాడన్న మాట.

మూడోది ఒక చట్టం. 2020 నుంచి ప్రతి ప్రయాణికుల రైలూ వికలాంగులకు అనువుగా ఉండాలని అక్కడ నియమం పెట్టారు. దాంతో ఉన్న బండ్లను మార్పుల కోసం వర్క్‌షాపులకు పంపాల్సి వచ్చింది. అవి తిరిగొచ్చేదాకా ఖాళీని పూరించడానికి పాత ఇంజన్లు, పాత పెట్టెలు వచ్చాయి. విచిత్రమేమిటంటే ఆ పాత పెట్టెలకు చేత్తో తెరిచే తలుపులు, వీల్‌చైర్ పట్టని దారులు. మా బ్యాచ్‌లో కాలు సరిగా లేని మిత్రుడొకడు ఉండేవాడు. రైలెక్కాలంటే మేమిద్దరం చంకల కింద చేతులు వేసి ఎత్తేవాళ్ళం. అందుకే ఆ చట్టం గురించి చదివినప్పుడు దాన్ని రెండుసార్లు చదివాం. పాత బండి వచ్చిందని సంతోషించేవాళ్ళలో అతనికి చోటు ఉండకపోవచ్చు.

ఇప్పుడు అసలు పాత ఇంజన్ అన్నేళ్ళు ఎలా బతుకుతుందో చూద్దాం. డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. నిజానికి లోపల డీజిల్ మోటారు ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. దాని నుంచి వచ్చిన కరెంటు ఇరుసుల దగ్గర ఉన్న మోటార్లకు పోతుంది. ఆ మోటార్లే చక్రాలను తిప్పుతాయి. అంటే డీజిల్ ఇంజన్ అనేది పట్టాల మీద నడిచే చిన్న కరెంటు కేంద్రం. ఇందులో ఏ భాగం పాడైతే ఆ భాగాన్ని విప్పి వేరేది బిగించవచ్చు. బలమైన చట్రం మిగిలి ఉంటే చాలు. మన ఊరి మోటారు మెకానిక్ పాత పంపుసెట్టుకు వైండింగ్ చుట్టి మళ్ళీ నడిపించడం చూశాం కదా, ఇదీ అంతే, కాకపోతే వంద టన్నులది.

మెట్‌పల్లిలో చూసిన పొగ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. డ్రైవరు ఒక్కో నాచ్ పెంచినప్పుడు డీజిల్ వెంటనే ఎక్కువ పడుతుంది. గాలిని లోపలికి నెట్టే టర్బో మాత్రం వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ మధ్యలో గాలి చాలక డీజిల్ సగం కాలి నల్లగా బయటికి వస్తుంది. పొగ వచ్చినంత మాత్రాన ఇంజన్ చెడిపోయినట్టు కాదు.

ఇంకో చిక్కు ఉంది. డెమూకు రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది. ఇంజన్ లాగే బండికి ఆఖరి స్టేషన్‌లో ఇంజన్‌ను విప్పి, పక్క పట్టా మీదుగా రెండో చివరకు తేవాలి. చిన్న స్టేషన్లలో అందుకు వీలుండదు. నార్విచ్ దగ్గర దీనికి పరిష్కారంగా మూడు పెట్టెలకు ముందొకటి, వెనకొకటి రెండు ఇంజన్లు తగిలించారు. డీజిల్ ఖర్చు ఎంతయ్యిందో ఊహించుకోండి! రైళ్ళ మీద మోజు ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కడెక్కడి నుంచో ఆ శబ్దం వినడానికి వచ్చారు. పనికి పోయేవాళ్ళకు కావలసింది సీటు.

మన దేశానికి వద్దాం. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నమూనాతో కాశీలోని డీజిల్ కర్మాగారం 1964లో ఇంజన్ల తయారీ మొదలుపెట్టింది. డబ్ల్యూడీఎం-2 అనే ఆ రకం 2600 హార్స్‌పవర్‌ది. 1969లో ఆల్కో మూతపడింది, మన దగ్గర దాని నమూనా మాత్రం దశాబ్దాల పాటు తయారవుతూనే ఉంది. పాతబడిన వాటిని పంజాబ్‌లోని పాటియాలాకు పంపి, విప్పి, కొత్త భాగాలు వేసి 3100 హార్స్‌పవర్‌కు పెంచి తిరిగి పంపేవారు. వాటి పేరు డబ్ల్యూడీఎం-3ఏ. పాత ఇంజన్ తిరిగి రావడం మన దగ్గర ఇలా ఒక పద్ధతిగా సాగింది, వార్త కాలేదు. 2018లో కాశీలో మరో అడుగు వేసి, రెండు డీజిల్ సరుకు ఇంజన్లను కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజన్‌గా మార్చారు కూడా.

తర్వాత తీగలు వేగంగా వచ్చాయి. మన లైనుకూ వచ్చాయి. బ్రిటన్‌లో తీగ రాక పాత డీజిల్ తిరిగి వస్తే, మన దగ్గర తీగ వచ్చి డీజిల్ ఇంజన్లు మిగిలిపోయాయి. 2020 జూలైలో 10, 2023 మేలో 20 ఇంజన్లను మన దేశం బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. మనకు పాతవి అక్కడ కొత్తగా పట్టాలెక్కాయి. అక్కడ కూడా ఎవరో ఒక పెద్దాయన “పాతది పంపిండ్రు” అనే ఉంటాడు.

ఇక మన సంగతి. పెద్దపల్లి – నిజామాబాద్ లైను సుమారు 177 కిలోమీటర్లు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1993లో శంకుస్థాపన జరిగింది. పూర్తి కావడానికి 24 ఏళ్ళు పట్టింది. శంకుస్థాపన నాడు హాస్టల్లో ఉన్న అన్నలు, రైలు వచ్చేనాటికి తమ పిల్లలను హాస్టల్లో చేర్చే వయసుకు వచ్చారు. ఇన్నేళ్ళు ఎదురుచూసింది పట్టాల కోసమా, బండ్ల కోసమా అంటే బండ్ల కోసమే. పట్టా వేసినంత మాత్రాన ఎవరూ కరీంనగర్ చేరరు.

2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా రైళ్ళు ఆగాయి. తిరిగి మొదలైనప్పుడు ప్యాసింజర్లకు స్పెషల్ అని పేరు పెట్టి, కనీస టికెట్ పది రూపాయలు ఉన్నదాన్ని ముప్పై చేశారు. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్ళీ పదికి రాలేదు. మా డిగ్రీ చదువంతా ఆ ముప్పై రూపాయల కాలంలోనే గడిచింది. మా అవ్వ బీడీలు చేసి ఇంటిని నడిపేది, ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. పోను రాను నలభై రూపాయల తేడా అంటే ఆమె ఎన్ని బీడీలు చుట్టాలో మేము లెక్క వేసేవాళ్ళం. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి, పది రూపాయలకే పొగ ఇంజన్ బండి నడుపుతాం, ఎక్కుతారా అని అడిగి ఉంటే కిటికీ పక్క సీటు కూడా అడగకుండా ఎక్కేవాళ్ళం.

అలాగని డీజిలే కావాలని మేము అనడం లేదు. తీగ కింద డీజిల్ తగలేయడం దండగ, పొగ ఊపిరితిత్తులకు చేటు. మేము అడిగేది ఒక్కటే. ఇంజన్ ఏదైనా సరే, పొద్దున కాలేజీ వేళకు ఒకటి, సాయంత్రం తిరిగి రావడానికి ఒకటి మన లైను మీద ఉండాలి. బ్రిటన్‌లో పాత ఇంజన్‌ను తెచ్చినవాళ్ళు దాని అందం చూసి తేలేదు, పొద్దున ఆరింటికి ప్లాట్‌ఫారం మీద జనం ఉన్నారని తెచ్చారు.

తమ్ముళ్ళారా, ఈసారి మెట్‌పల్లి గానీ కోరుట్ల గానీ పోయినప్పుడు ఇంజన్ పక్కన రాసిన అక్షరాలు చూడండి. మొదటి అక్షరం ‘డబ్ల్యూ’ అంటే పెద్ద పట్టా. రెండోది ‘డి’ అయితే డీజిల్, ‘ఏ’ అయితే తీగ కరెంటు. మూడోది ‘పి’ అయితే ప్రయాణికులకు, ‘జి’ అయితే సరుకుకు, ‘ఎం’ అయితే రెండింటికీ. దాని దగ్గరే ఏ షెడ్డుదో పేరు ఉంటుంది. మనకు దగ్గరి పెద్ద షెడ్డు కాజీపేట. ఒకప్పుడు అది డీజిల్ షెడ్డు, ఇప్పుడు అక్కడ కరెంటు ఇంజన్లనూ చూసుకుంటున్నారు. ‘డబ్ల్యూడీఎం’ అని గనక ఎక్కడైనా కనిపిస్తే తేదీ, నంబరు ఒక కాగితం మీద రాసి వార్డెన్ సార్ దగ్గర ఉంచండి. సెలవులకు వచ్చినప్పుడు తీసుకుంటాం.