బకెట్లో హీటరు: ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి

చలికాలం వస్తే చాలా ఇళ్లల్లో బకెట్లో హీటరు వేలాడుతుంది. కట్టెలు అక్కర్లేదు. పొగ ఉండదు. 1500 వాట్ల హీటరయితే 20 నిమిషాల్లో ఒక బకెట్టు నీళ్లు స్నానానికి వేడెక్కుతాయి. కానీ నీళ్లు కాగాయో లేదో చూద్దామని వేలు పెడితే ప్రాణమే పోవచ్చు.

ఎందుకలా? హీటరులో మనకు కనిపించేది లోహపు గొట్టం. దాని లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది. కరెంటు ఆ తీగలోనే పారుతుంది. తీగకూ గొట్టానికీ మధ్య తెల్లటి పొడి కూరి ఉంటుంది. అది కరెంటును బయటికి రానివ్వదు. గొట్టం పగిలితే ఆ పొడి తడుస్తుంది. కరెంటు నీళ్లలోకి వస్తుంది. నీళ్లు మాత్రం మామూలుగానే కనిపిస్తాయి.

మన ఇళ్లకు వచ్చేది 230 ఓల్టుల కరెంటు. తడి చెయ్యి, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు. ఇవి కలిస్తే కరెంటు మన ఒంట్లోంచి భూమిలోకి పోతుంది. గుండె ఆగిపోవచ్చు.

"స్విచ్చి ఆపాను కదా, ఇంకేం భయం?" అంటారు కొందరు. అది చాలదు. ఇంటికి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రలు. స్విచ్చి ఫేజు తీగకే ఉండాలి. వైరింగులో పొరపాటున న్యూట్రలుకు పెడితే, స్విచ్చి ఆపినా హీటరులో కరెంటు ఉంటుంది. అందుకే ప్లగ్గు పీకాలి.

ఈ వరస గుర్తుంచుకోండి:

1. ముందు నీళ్లు పొయ్యండి. నీళ్లు ఎంతదాకా ఉండాలో హీటరు మీద గుర్తు ఉంటుంది. నీళ్లు లేకుండా వేస్తే గొట్టం కాలి పగులుతుంది.

2. బకెట్టు మీద పొడి కర్ర అడ్డం పెట్టి హీటరు తగిలించండి. ఇనుప బకెట్టు వద్దు. ప్లాస్టిక్ బకెట్టుకు గొట్టం తగలకూడదు, కరిగిపోతుంది.

3. ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

4. కాగాక స్విచ్చి ఆపండి. పొడి చేత్తో ప్లగ్గు పీకండి. అప్పుడే నీళ్లు ముట్టండి.

ఎప్పుడూ మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. లావుపాటి పై పిన్ను ఎర్తుది. లీకయిన కరెంటును భూమిలోకి పంపేది అదే. ప్లగ్గు తీసేసి ఉత్త తీగలు గుచ్చితే ఆ కాపలా పోయినట్టే. ఇంట్లో ఎర్తు సరిగా ఉందా, స్విచ్చి ఏ తీగకు ఉంది? కరెంటు పని తెలిసిన మనిషితో ఒకసారి చూపించుకోండి.

ఎవరికైనా షాకు కొడితే వాళ్లను ముట్టుకోకండి. ముందు మెయిను ఆపండి. వీలు కాకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో విడిపించండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

ఆలోచించండి, చెప్పండి:

స్విచ్చి ఆపినా ప్లగ్గు ఎందుకు పీకాలి?
మీ హీటరు ప్లగ్గుకు ఎన్ని పిన్నులున్నాయి?