మంట తెలియని ఇన్ఫెక్షన్



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుండి కూలికి వలస వెళ్లి, కట్టడాల మీది నుండి పడి వెన్నుపాము దెబ్బతిన్నవారు ఉన్నారు. తాటిచెట్టు మీది నుండి జారిపడిన గీత కార్మికులూ ఉన్నారు. వారిని దర్శిస్తాం, ప్రార్థిస్తాం, పండుగకు దుప్పటి ఇస్తాం. కానీ వారిని తరచుగా ఆసుపత్రి పాలు చేసే ఒక సంగతి మాట్లాడటానికి సిగ్గుపడతాం. అది మూత్రంలో ఇన్ఫెక్షన్.

వెన్నుపాము దెబ్బతింటే మూత్రాశయానికి, మెదడుకు మధ్య కబురు ఆగిపోతుంది. మూత్రం పూర్తిగా బయటకు రాక నిలిచిపోతుంది. అందులో క్రిములు పెరుగుతాయి. లోపల పెట్టిన పైపు వాటికి మరో దారి. మనకైతే మంట పుట్టి తెలుస్తుంది. స్పర్శ లేనివారికి తెలియదు. చలిజ్వరం, కాళ్లు మునుపటికంటే ఎక్కువగా బిగుసుకోవడం, పైపు పక్కనుండి మూత్రం కారడం, మూత్రం మడ్డిగా మారి వాసన రావడం వంటి గుర్తులు కనిపెట్టాలి. ఛాతీ పైభాగంలో గాని మెడలో గాని దెబ్బ తగిలినవారికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ముఖాన చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. వెంటనే లేపి కూర్చోబెట్టి, పైపు మడత పడిందేమో చూసి, 108కి ఫోన్ చేయాలి.

పైపు ఉన్నవారి మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. జ్వరం వంటి లక్షణాలు లేనప్పుడు సాధారణంగా యాంటీబయాటిక్ అక్కరలేదు. ఊరికే మింగితే అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. లక్షణాలుంటే మాత్ర వేయకముందే జిల్లా ఆసుపత్రిలో కల్చర్ పరీక్షకు మూత్రం ఇవ్వాలి. బ్యాగులోది కాదు, కొత్తగా మార్చిన పైపు నుండి తీసినది ఇవ్వాలి.

వెల్లూరు సీఎంసీ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో నడక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. ఇటువంటి కేంద్రాలలో రోగికి నేర్పే ముఖ్యమైన పని, చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుగు నుండి ఆరు గంటలకొకసారి శుభ్రమైన పైపుతో తానే మూత్రం తీసుకోవడం. ఎప్పుడూ ఉండే పైపుకంటే ఇది మేలు. ఎప్పుడూ పైపు ఉండేవారి బ్యాగు మూత్రాశయానికి కిందుగా, నేలకు తగలకుండా వేలాడాలి.

అన్నిటికంటే మమ్మును కలవరపెట్టేది వేరు. మాటిమాటికి బట్టలు మార్చే భార్యకు, తల్లికి భారమవుతామని కొందరు నీళ్లే మానేస్తారు. పాలమూరు ఎండల్లో అది ఇన్ఫెక్షన్‌ను, రాళ్లను పిలిచి తెచ్చుకోవడమే. నీళ్లు ఎంత తాగాలో డాక్టరు చెబుతారు. తాగే ధైర్యం మాత్రం తోడున్నవారే ఇవ్వాలి.

పక్షవాయువు గలవానిని ప్రభువు యొద్దకు మోసుకొచ్చినవారు నలుగురు. మన సంఘాలలోనూ వంతులవారీగా ఆ ఇంటికి వెళ్లి, ఆ తల్లికి ఒక పూట విశ్రాంతి ఇచ్చేవారు నలుగురు లేవాలని కోరుచున్నాము. జ్వరమని కబురు వస్తే ప్రార్థన చేయండి, అప్పుడే ఆటో కూడా పిలవండి.