నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపండి

తుని రైల్వే స్టేషన్లో వంతెన మెట్లెక్కుతున్నా, ఆటోలోకి ఒక కాలు ముందు పెట్టినా, రాత్రి మంచం మీద పక్కకు ఒత్తిగిలినా కొందరు గర్భిణులకు ప్రాణం పోయినంత పనవుతుంది. "నెలలు నిండుతున్నాయి కదమ్మా, నడుం నొప్పి మామూలే, ఓర్చుకో" అంటారు ఇంట్లో పెద్దలు. మామూలేనన్నంత వరకు నిజమే. 2008లో వెలువడిన యూరోపియన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం ప్రతి ఐదుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరికి ఈ బాధ ఉంటుంది. కానీ ఇది చాలాసార్లు నడుం నొప్పి కాదు, కటి నొప్పి. ఓర్చుకోవడమొక్కటే దారీ కాదు.

ఎక్కడ నొప్పో వేలితో చూపమంటే తేడా తెలిసిపోతుంది. నడుం నొప్పి వెన్నెముక దగ్గర, మొలతాడు కట్టే చోటుకు పైన ఉంటుంది. కటి నొప్పి అంతకంటే కింద, పిరుదుల పైభాగాన ఒకవైపో రెండు వైపులో వస్తుంది. కొందరికి ముందువైపు, పొత్తికడుపు కింద ఎముకలు కలిసే చోట పోటు పెడుతుంది. అక్కడి రెండెముకల మధ్య మామూలుగా నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంటుంది. గర్భంతో అది మరో రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాన్పుకు దారివ్వడానికి శరీరం చేసుకునే ఏర్పాటది.

సందు పెరగడానికి కారణాల్లో ఒకటి రిలాక్సిన్ అనే హార్మోను. ఫ్రెడరిక్ హిసా 1926లో గినీ పందుల మీద ప్రయోగాల్లో దీని ప్రభావాన్ని గుర్తించారు. అయితే రక్తంలో రిలాక్సిన్ ఎక్కువున్న వాళ్లందరికీ నొప్పి రావడం లేదు. కీళ్లు వదులైనప్పుడు వాటిని పట్టి ఉంచే పని కండరాల మీద పడుతుంది. బండి చక్రంలోని చెక్క ముక్కల్ని చుట్టూ బిగిసిన ఇనుప పట్టా పట్టి ఉంచినట్టు, పొత్తికడుపు, పిరుదులు, కటి అడుగు కండరాలు కలిసి ఎముకల్ని దగ్గరికి అదిమి ఉంచుతాయి. ఆ పట్టు తగ్గితే బరువంతా కీళ్ల మీదకొస్తుంది.

ఫిజియోథెరపిస్టు దీన్ని తేలిగ్గా పరీక్షిస్తారు. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు జానెడు ఎత్తు లేపమంటారు. కష్టమైతే తుంటికి రెండు వైపులా చేతులతో అదిమి మళ్లీ లేపమంటారు. ఈసారి తేలికైతే బయటి నుంచి ఇచ్చిన ఆ పట్టును కండరాలకు నేర్పాలన్నమాట. అప్పటిదాకా కటి బెల్టు కొంతసేపు ఆసరా ఇవ్వగలదు. బాలింతకు పొట్ట మీద బిగించే నడికట్టూ ఇదీ ఒకటి కాదు. బెల్టు ఇంకా కిందికి, తుంటి ఎముకల చుట్టూ రావాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి చాలానే ఉన్నాయి. ఒత్తిగిలేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి తిరగాలి. పక్కకు పడుకుంటే వాటి మధ్య దిండు పెట్టుకోవాలి. ఆటో ఎక్కేటప్పుడు ముందు కూర్చుని, తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. చుడీదార్ ప్యాంటు కూర్చునే వేసుకోవాలి. పెద్దబిడ్డను ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోవడం, ఒంటికాలి మీద బరువు మోపి నిలబడడం నొప్పిని పెంచుతాయి. అలాగని మంచం దిగకుండా ఉండిపోతే కండరాలు ఇంకా నీరసపడతాయి.

కాన్పయ్యాక చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గని వాళ్ల మీద నార్వేలో బ్రిట్ స్టుగె బృందం జరిపిన అధ్యయనం 2004లో వచ్చింది. 81 మంది తల్లుల్ని రెండు జట్లు చేసి, అందరికీ ఫిజియోథెరపీ ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం కటిని నిలబెట్టే కండరాల వ్యాయామాలు ఇరవై వారాలు ప్రత్యేకంగా చేయించారు. ఆ జట్టుకు నొప్పి బాగా తగ్గింది. కాన్పయిన ఏడాదికి చూసినా ఆ మేలు నిలిచే ఉంది. సిజేరియన్ అయిన వాళ్లకు కూడా ఈ నొప్పి ఉండొచ్చు. గర్భం మోసిన కటి అదే కదా!

అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన, కటి అడుగు కండరాల్ని బిగించే వ్యాయామం అందరికీ ఒకేలా పనికిరాదు. కొందరికి ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. వాళ్లు నిండుగా ఊపిరి తీసుకుంటూ వాటిని వదులు చేయడం నేర్చుకోవాలి. ఎవరికేది కావాలో పరీక్షించాకే తేలుతుంది.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. బీపీ, రక్త పరీక్షలు చేయించుకోవడంతో పాటు ఈ నొప్పి సంగతీ చెప్పి, ఫిజియోథెరపీకి పంపమని అడగండి. రక్తస్రావం, జ్వరం, మూత్రంలో మంట, నెలలు నిండకుండానే వచ్చిపోయే నొప్పులు, కాళ్ల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తే మాత్రం 9వ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరును కలవాలి.